అనలాగ్ ఫిల్టర్ నుంచి డిజిటల్ ఫిల్టర్: మార్పిడిలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది

ఈసీజీ యంత్రం రోగి ఛాతీ మీది నుంచి తీసుకునే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు దరిదాపుల్లోనే ఉంటుంది. గదిలోని కరెంటు తీగల నుంచి శరీరంలోకి, యంత్రం తీగల్లోకి చొరబడే 50 హెర్ట్జ్ రొద కొన్నిసార్లు ఆ సిగ్నల్‌నే మింగేసేంతగా ఉంటుంది. దాన్ని తొలగించడానికి 50 హెర్ట్జ్ దగ్గర మాత్రమే లోతైన గాడి ఉండే నాచ్ ఫిల్టర్ వాడతారు. అనలాగ్ సర్క్యూట్ల కాలం నుంచీ ఉన్న సూత్రమే కాబట్టి దాన్నే తీసుకుని, సెకనుకు 500 శాంపిళ్ల (విడివిడి కొలతల) రేటుతో పనిచేసే ప్రోగ్రాంగా మారిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. గాడి వెడల్పు సుమారు 2 హెర్ట్జ్ ఉండేలా, అంటే క్యూ విలువ (గాడి ఫ్రీక్వెన్సీని గాడి వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 25గా ఎంచుకుని, ఎక్కువమంది వాడే బైలీనియర్ మార్పిడిని నేరుగా ప్రయోగిస్తే, ఆ గాడి 50 హెర్ట్జ్ దగ్గర కాక 48.4 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. లెక్క వేసి చూస్తే 50 హెర్ట్జ్ రొదలో 86 శాతం చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. ఎక్కడా కూడికలో పొరపాటు జరగలేదు. మార్పిడి తన స్వభావం ప్రకారమే పనిచేసింది. ఆ స్వభావాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోకపోవడమే ఇక్కడి లోపం.

అనలాగ్ ఫిల్టర్‌ను డిజిటల్‌గా మార్చే ఏ పద్ధతీ అసలు ఫిల్టర్‌ను ఉన్నదున్నట్టు తీసుకురాలేదు. అనలాగ్ ప్రపంచంలో ఫ్రీక్వెన్సీకి పై హద్దు లేదు. శాంపిల్ చేసిన ప్రపంచంలో మాత్రం శాంపిలింగ్ రేటులో సగం దగ్గరే అంతా ముగుస్తుంది. హద్దు లేనిదాన్ని హద్దున్న చోట ఇమిడ్చేటప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. అందువల్ల ఈ పద్ధతుల మధ్య తేడా, ఏది ఏ గుణాన్ని కాపాడుతుంది, దానికి బదులుగా దేన్ని వదిలేస్తుంది అన్న దగ్గరే ఉంది. పద్ధతిని ఎంచుకునేటప్పుడు నష్టం ఎంత అన్నదాని కంటే, ఆ నష్టం ఎక్కడ పడుతుందో ముందే చెప్పగలమా లేదా అన్నదే ఎక్కువ ముఖ్యమైన ప్రశ్న.

డిజిటల్ ఫిల్టర్‌ను నేరుగా డిజిటల్‌గానే రూపొందించకుండా అనలాగ్ దారిలో వెళ్లడానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1915లో అమెరికాలో జార్జ్ క్యాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే విద్యుత్ ఫిల్టర్లకు రూపమిచ్చారు. 1930లో బ్రిటన్‌కు చెందిన స్టీఫెన్ బటర్‌వర్త్ పాస్‌బ్యాండ్‌లో, అంటే దాటనిచ్చే ఫ్రీక్వెన్సీల మేరలో, ఎగుడుదిగుళ్లు లేని ఫిల్టర్‌ను ప్రచురించాడు. ఆవిరి యంత్రాల కడ్డీల అమరికను అధ్యయనం చేస్తూ పంతొమ్మిదో శతాబ్దంలో రష్యన్ గణితజ్ఞుడు చెబిషెవ్ కనుగొన్న బహుపదులు ఆ తరువాత మరో ఫిల్టర్ కుటుంబానికి పునాది అయ్యాయి. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ కావర్ ఎలిప్టిక్ ఫిల్టర్ల గణితాన్ని తీర్చిదిద్దాడు. 1960లలో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ కైజర్ వంటివారు కంప్యూటర్ మీద ఫిల్టర్ల పని మొదలుపెట్టేనాటికి, ఇచ్చిన అవసరానికి అతి తక్కువ ఆర్డర్‌తో (ఫిల్టర్ బహుపది ఘాతంతో) ఫిల్టర్ ఎలా కట్టాలన్న ప్రశ్నకు సూత్రాల రూపంలో జవాబులు సిద్ధంగా ఉన్నాయి. గత అవుట్‌పుట్‌ను మళ్లీ వాడుకునే ఐఐఆర్ డిజిటల్ ఫిల్టర్ కూడా, అనలాగ్ ఫిల్టర్ లాగే, రెండు బహుపదుల నిష్పత్తే. కాబట్టి ఒక చరరాశి బదులు మరొకదాన్ని ప్రతిక్షేపిస్తే చాలు, అర్ధ శతాబ్దపు పరిజ్ఞానమంతా చేతికి వస్తుంది.

ఆ ప్రతిక్షేపణ రెండు షరతులకు లోబడి ఉండాలి. అనలాగ్ ఫిల్టర్ నిలకడగా ఉండాలంటే దాని పోల్స్ (నిష్పత్తిలోని హారాన్ని సున్నా చేసే విలువలు) అన్నీ ఎస్-తలంలో, అంటే అనలాగ్ చరరాశి ఎస్ విలువలుండే సంకీర్ణ సంఖ్యల తలంలో, ఎడమ సగంలో ఉండాలి. డిజిటల్ ఫిల్టర్‌కైతే అవి డిజిటల్ చరరాశి జెడ్ తలంలో యూనిట్ వృత్తం (వ్యాసార్థం 1 ఉన్న వృత్తం) లోపల ఉండాలి. కాబట్టి ఎడమ సగంలోని ప్రతి బిందువూ వృత్తం లోపలికి చేరాలన్నది మొదటి షరతు. అనలాగ్ ఫ్రీక్వెన్సీలన్నీ ఉండే నిలువు అక్షం వృత్తపు అంచు మీదే పడాలన్నది రెండోది. అవకలనాన్ని పక్కపక్క శాంపిళ్ల తేడాతో భర్తీ చేయడం అందరికీ ముందుగా తోచే ఉపాయం. తరువాతి శాంపిల్‌తో తేడా తీసుకుంటే మొదటి షరతే తప్పుతుంది. శాంపిలింగ్ తగినంత వేగంగా లేకపోతే ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ ఉన్న మామూలు ఆర్‌సీ సర్క్యూట్ కూడా అదుపు తప్పి అవుట్‌పుట్ పెరుగుతూ పోతుంది. గత శాంపిల్‌తో తేడా తీసుకుంటే నిలకడ దక్కుతుంది గానీ, అక్షం మొత్తం సగం వ్యాసార్థం ఉన్న చిన్న వృత్తంగా ముడుచుకుపోతుంది. అందువల్ల అది చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలలో తప్ప పనికిరాదు.

ఇంపల్స్ ఇన్వేరియన్స్ పద్ధతి వేరే దారి పడుతుంది. అనలాగ్ ఫిల్టర్‌కు క్షణకాలపు తాకిడి ఇస్తే వచ్చే స్పందననే శాంపిల్ చేసి, ఆ విలువలే డిజిటల్ ఫిల్టర్ స్పందనగా ఉండాలని అది కోరుతుంది. వినడానికి ఇంతకన్నా నమ్మకమైన నకలు మరొకటి లేదనిపిస్తుంది. అంకెలు వేసి చూస్తే సంగతి తేలుతుంది. కటాఫ్ (దాటనివ్వడం ముగిసి అణచివేత మొదలయ్యే హద్దు) 1,000 హెర్ట్జ్ ఉన్న, కింది ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చే ఒక ఆర్‌సీ లోపాస్ ఫిల్టర్‌ను టెలిఫోన్ స్వరానికి స్థిరపడిన 8,000 హెర్ట్జ్ శాంపిలింగ్‌కు మార్చాలనుకుందాం. ఆ సర్క్యూట్ స్పందన ఒక శాంపిల్ వ్యవధిలో 0.4559 వంతుకు పడిపోతుంది. కాబట్టి ప్రతి కొత్త అవుట్‌పుట్, గత అవుట్‌పుట్‌కు 0.4559 రెట్లు, ప్రస్తుత ఇన్‌పుట్‌కు 0.7854 రెట్లు కలిపితే వస్తుంది. ఈ ఫిల్టర్‌కు మారని స్థిర వోల్టేజీ ఇస్తే ఎంత వస్తుంది? 0.7854ను 0.5441తో భాగిస్తే 1.44. అసలు సర్క్యూట్‌లో అది కచ్చితంగా 1. నకలు అనుకున్నది సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గరే 44 శాతం ఎక్కువ చూపిస్తోంది.

ఈ అదనంలో రెండు వాటాలున్నాయి. ఆర్‌సీ స్పందన సున్నా క్షణంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలాంటి అంచు మీద శాంపిల్ విలువగా పూర్తి ఎత్తును కాక అందులో సగాన్ని తీసుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలపాటు దాటిపోయిన ఈ సంగతిని లేలాండ్ జాక్సన్ 2000లో ప్రత్యేకంగా ఎత్తిచూపాడు. ఆ సవరణ చేస్తే 1.44 కాస్తా 1.05కు దిగుతుంది. మిగిలిన 5 శాతమే అసలైన ఏలియసింగ్: 4,000 హెర్ట్జ్ పైన అనలాగ్ ఫిల్టర్ ఇంకా దాటనిస్తున్న భాగం మడతపడి కింది ఫ్రీక్వెన్సీల మీద వచ్చి కూర్చుంటుంది. సవరణకు లొంగే మొదటి వాటా పెద్ద సమస్య కాదు. రెండో వాటానే చిక్కు, ఎందుకంటే అది ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా వేరే మోతాదులో కలుస్తుంది, కలిశాక విడదీయడం సాధ్యం కాదు. హైపాస్, నాచ్ ఫిల్టర్లకైతే ఈ పద్ధతిని తలపెట్టనే కూడదు. పై ఫ్రీక్వెన్సీలన్నిటినీ దాటనిచ్చే ఫిల్టర్‌లో మడతపడే భాగానికి హద్దే ఉండదు. కటాఫ్‌తో పోలిస్తే శాంపిలింగ్ చాలా వేగంగా ఉండి, కాలంలో స్పందన ఆకారం ముఖ్యమైన సందర్భాల్లో మాత్రం దీనికి చోటుంది.

బైలీనియర్ మార్పిడి మూలం ఫిల్టర్లలో కంటే సమాకలనంలో ఉంది. అనలాగ్ ఫిల్టర్ ఏదైనా సమాకలనులు, గుణకారాలు, కూడికలతో కట్టవచ్చు. ఆ సమాకలనిని కంప్యూటర్‌లో అనుకరించాలంటే వక్రరేఖ కింది వైశాల్యాన్ని ట్రెపీజియం ముక్కలుగా కూడాలి: పాత మొత్తానికి, ఈ శాంపిల్, గత శాంపిల్‌ల సగటును శాంపిల్ వ్యవధితో గుణించి కలపాలి. ఈ ఒక్క నియమాన్ని బీజగణితంలో రాస్తే ఎస్ = (2/టీ) × (జెడ్ − 1)/(జెడ్ + 1) అన్న సూత్రం వస్తుంది; ఇందులో టీ అనేది శాంపిల్ వ్యవధి. నియంత్రణ వ్యవస్థల మీద పనిచేసిన బ్రిటిష్ ఇంజినీర్ ఆర్నాల్డ్ టస్టిన్ 1947లో ఈ దారిని వాడాడు. అందుకే కంట్రోల్ ఇంజినీర్లు దీన్ని ఇప్పటికీ టస్టిన్ పద్ధతి అనే అంటారు. ఎడమ సగం మొత్తం వృత్తం లోపలికి, నిలువు అక్షం మొత్తం సరిగ్గా ఒకే ఒక్కసారి వృత్తపు అంచు మీదికి చేరుతుంది. రెండు షరతులూ పూర్తిగా నెరవేరాయి. అక్షం మీద మడత అనేదే లేదు కాబట్టి ఏలియసింగ్ కూడా లేదు.

బదులుగా చెల్లించే మూల్యం ఫ్రీక్వెన్సీ అక్షం వంకర. అనంతమైన అనలాగ్ అక్షం శాంపిలింగ్ రేటులో సగం దాకా ఉన్న కొద్ది జాగాలో ఇమడాలి కాబట్టి, పైకి వెళ్లేకొద్దీ అది మరింతగా నొక్కుకుపోతుంది. 8,000 హెర్ట్జ్ శాంపిలింగ్‌లో అనలాగ్ 1,000 హెర్ట్జ్ డిజిటల్‌లో 953 దగ్గర, 3,000 హెర్ట్జ్ 2,208 దగ్గర కనిపిస్తాయి. అయితే ఈ వంకరకు ఒక కచ్చితమైన సూత్రం ఉంది: డిజిటల్ కోణంలో సగానికి టాన్ విలువ తీసుకుని 2/టీతో గుణిస్తే అనలాగ్ ఫ్రీక్వెన్సీ వస్తుంది. జరిగే నష్టం ముందే అణా పైసలతో సహా తెలుసు కాబట్టి, అనలాగ్ ఫిల్టర్‌ను రూపొందించేటప్పుడే దాని కటాఫ్‌ను ఆ మేరకు పైకి జరిపి పెడితే, మార్పిడి తరువాత అది కోరుకున్న చోటికే వచ్చి వాలుతుంది. దీన్నే ప్రీవార్పింగ్ అంటారు. ఇంపల్స్ ఇన్వేరియన్స్‌ను పక్కకు నెట్టి బైలీనియర్ నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదే. దాని నష్టానికి ముందస్తు లెక్క ఉంది, రెండోదాని నష్టానికి లేదు.

మొదట చెప్పిన ఈసీజీ నాచ్‌కు ఇదే వర్తింపజేస్తే, అనలాగ్ గాడిని 50 దగ్గర కాకుండా 51.7 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి. మార్చాక వచ్చే ఫిల్టర్‌లో ఇన్‌పుట్ వైపు గుణకాలు 1, −1.618, 1 నిష్పత్తిలో ఉంటాయి, వాటన్నిటినీ 0.9884తో గుణించాలి. అవుట్‌పుట్ వైపు గత విలువకు 1.5992, అంతకు ముందు విలువకు −0.9768. మధ్య గుణకం సువర్ణ నిష్పత్తి కావడం ఇక్కడ గమ్మత్తు: 500లో 50 అంటే వృత్తం మీద 36 డిగ్రీలు, ఆ కోణపు కొసైన్‌కు రెట్టింపు అదే సంఖ్య. గాడి ఇప్పుడు కచ్చితంగా 50 మీద పడింది. అయితే ప్రీవార్పింగ్ మనం ఎంచుకున్న బిందువునే సరిచేస్తుంది, మొత్తం అక్షాన్ని కాదు. గాడి వెడల్పు 2 హెర్ట్జ్ బదులు 1.87కు తగ్గింది. అది కూడా కచ్చితంగా కావాలంటే క్యూ విలువను విడిగా సరిచేయాలి.

ముందు చూసిన ఆర్‌సీ ఫిల్టర్‌కు ఇదే పద్ధతి మరింత సులువు. 8,000లో 1,000 అంటే 45 డిగ్రీలు, అందులో సగానికి టాన్ 0.4142. దాంతో వచ్చే నియమం: ప్రస్తుత, గత ఇన్‌పుట్‌ల మొత్తానికి 0.2929 రెట్లు, గత అవుట్‌పుట్‌కు 0.4142 రెట్లు. స్థిర వోల్టేజీకి 0.5858ను 0.5858తో భాగించినట్టు, సరిగ్గా 1. ఈ లెక్కలో 2/టీ ఎక్కడా కనిపించకపోవడం చాలామంది ఈసీఈ విద్యార్థులను తికమక పెడుతుంది. ఒక పుస్తకం టీని 1 అని, మరొకటి 2 అని తీసుకుంటుంది, జవాబు మాత్రం మారదు. ప్రీవార్పింగ్‌లో ఒకసారి గుణించిన 2/టీ ప్రతిక్షేపణలో మళ్లీ భాగహారంగా వచ్చి కొట్టుకుపోవడమే అందుకు కారణం. అవసరాలు మొదటి నుంచీ డిజిటల్ కోణాల్లో ఇచ్చి ఉంటే టీకి ఏ విలువ ఇచ్చినా ఒకటే. అనలాగ్ సర్క్యూట్ ముందే సిద్ధంగా ఉండి, దాన్ని ప్రీవార్పింగ్ లేకుండా మార్చేటప్పుడు మాత్రం టీ విలువ అసలుదే ఉండి తీరాలి.

అక్షం వంకర ఒక్కోసారి లాభం కూడా. 1,000 హెర్ట్జ్ దాకా 1 డెసిబెల్‌కు మించని తరుగుదల, 2,000 హెర్ట్జ్ నుంచి కనీసం 40 డెసిబెళ్ల అణచివేత కావాలనుకుందాం. అనలాగ్‌లోనైతే ఈ రెండు హద్దుల నిష్పత్తి 2. బటర్‌వర్త్ సూత్రం 7.62 అంటుంది, అంటే ఎనిమిదో ఆర్డర్ కావాలి. 8,000 హెర్ట్జ్ శాంపిలింగ్‌లో ప్రీవార్పింగ్ చేశాక ఆ నిష్పత్తి 2.414కు పెరుగుతుంది, సూత్రం 5.99కు దిగుతుంది, ఆరో ఆర్డర్‌తో పని జరిగిపోతుంది. చెబిషెవ్‌కు అయిదు బదులు నాలుగు చాలు. ఎలిప్టిక్ ఫిల్టర్‌కు జవాబు 3.001 వస్తుంది. సూత్రాన్ని అక్షరాలా పాటించే సాఫ్ట్‌వేర్ దీన్ని నాలుగుకు పెంచుతుంది. మూడో ఆర్డర్‌తో ఎంత వస్తుందో చూస్తే 39.98 డెసిబెళ్లు. డెసిబెల్‌లో యాభయ్యో వంతు కోసం ఒక అదనపు ఆర్డర్‌ను, దాని తాలూకు గుణకారాలను మోయడం ఏ కోణంలో చూసినా దండగ. అవసరాల పట్టికలోని 40 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే చాలాసార్లు అది గుండ్రటి అంకె అన్నదే జవాబు.

వంకర వల్ల పాడయ్యేవి లేకపోలేదు. అనలాగ్ ఫిల్టర్ ఆకారం మెట్లలా చదునైన భాగాలతోనే ఉంటే వాటి హద్దులను ప్రీవార్పింగ్‌తో కుదర్చవచ్చు, వాలుగా సాగే ఆకారాలను కుదర్చలేం. అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకే ఆలస్యంతో దాటించడం కోసమే పుట్టిన బెసెల్ ఫిల్టర్‌ను బైలీనియర్‌తో మారిస్తే ఆ ఒక్క గుణమే పోతుంది. శబ్ద పరికరాల్లో ఈక్వలైజర్లను మార్చేవారికి మరో ఇబ్బంది: అనలాగ్‌లో అనంతం దగ్గరున్న విలువ డిజిటల్‌లో శాంపిలింగ్ రేటులో సగం దగ్గరికే వచ్చేస్తుంది కాబట్టి, 44,100 హెర్ట్జ్ శాంపిలింగ్‌లో 16,000 దగ్గర పెట్టిన గుండ్రటి ఎత్తు పైవైపు ఇరుకైపోయి ఒకవైపు ఒరిగినట్టు తయారవుతుంది. శాంపిలింగ్ రేటును పెంచి, ఫిల్టర్ చేసి, మళ్లీ తగ్గించడం ఇందుకు తరచుగా వాడే మందు. ఇక మార్పిడికి ఏ సంబంధమూ లేకుండా అనలాగ్ నుంచి వారసత్వంగా వచ్చే గుణాలూ ఉంటాయి. పైన కట్టిన 50 హెర్ట్జ్ నాచ్ పోల్స్ వృత్తపు అంచుకు అతి దగ్గరగా, కేంద్రం నుంచి 0.988 దూరంలో ఉన్నాయి. ఈసీజీలో గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే నిటారు శిఖరం ఆ ఫిల్టర్‌ను తట్టగానే, అది 50 హెర్ట్జ్‌లో మోగుతూ మూడో వంతుకు కాస్త పైకి తగ్గడానికే 0.17 సెకన్లు తీసుకుంటుంది. శిఖరం తరువాతి భాగాన్ని చూసి గుండెపోటు గుర్తులను అంచనా వేసే వైద్యుడికి ఆ మోత అడ్డు రావచ్చు. గాడిని వెడల్పు చేస్తే మోత త్వరగా ఆగుతుంది, కానీ సిగ్నల్‌లోని అసలు భాగం కూడా కొంత కోతపడుతుంది.

కాగితం మీద రూపకల్పన ముగిసినంత మాత్రాన ఫిల్టర్ సిద్ధమైనట్టు కాదు. గుణకాలను చిప్ తన పరిమిత బిట్లలో దాచుకోవాలి, బైలీనియర్ చూపించని ప్రమాదం అక్కడ ఎదురవుతుంది. ధ్వని స్థాయిని చూపే మీటర్ కోసం 44,100 హెర్ట్జ్ శాంపిలింగ్‌లో 20 హెర్ట్జ్ కటాఫ్ ఉన్న రెండో ఆర్డర్ బటర్‌వర్త్ లోపాస్ కావాలనుకుందాం. సూత్రాల ప్రకారం అవుట్‌పుట్ వైపు గుణకాలు 1.99597, −0.99598, ఇన్‌పుట్ వైపు మొదటిది 0.000002. రెండుకు దగ్గరగా ఉన్న గుణకం పట్టాలి కాబట్టి 16 బిట్ల చిప్‌లో భిన్నానికి 14 బిట్లు మిగులుతాయి, అంటే ఒక మెట్టు 16,384లో ఒక వంతు. అవుట్‌పుట్ గుణకాలు 32,702, −16,318గా గుండ్రమవుతాయి. ఇన్‌పుట్ గుణకాలు సున్నా అయిపోతాయి, అంటే ఫిల్టర్‌లోకి ఏమీ వెళ్లదు. వాటిని వేరే స్కేలులో దాచి ఆ సమస్యను దాటినా ఇంకొకటి కాచుకుని ఉంది: 16,384 నుంచి 32,702 తీసేసి 16,318 కలిపితే సరిగ్గా సున్నా. ఒక పోల్ కచ్చితంగా వృత్తం మీద, సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చి కూర్చుంది. ఇన్‌పుట్‌లో ఏ కొద్ది స్థిర వోల్టేజీ ఉన్నా అవుట్‌పుట్ ఆగకుండా పెరుగుతూ పోతుంది. నిలకడకు హామీ ఇచ్చిన మార్పిడి తన మాట నిలబెట్టుకుంది. ఆ హామీ గుండ్రం చేసిన అంకెలకు వర్తించదు.

ఎక్కువ ఆర్డర్ ఫిల్టర్లను ఒకే పెద్ద సమీకరణంగా కాకుండా రెండో ఆర్డర్ ముక్కల గొలుసుగా రాయడం ఈ రంగంలో దాదాపు తప్పనిసరి అలవాటు. పెద్ద బహుపదిలో ఒక గుణకం కాస్త జరిగినా పోల్స్ అన్నీ చెదిరిపోతాయి. అయితే పై ఉదాహరణలో ఉన్నది రెండో ఆర్డర్ ముక్క ఒక్కటే, దాన్ని ఇంకా విడగొట్టే వీలు లేదు. 32 బిట్ల గుణకాలు వాడవచ్చు. అంతకన్నా తేలికైన దారి శాంపిలింగ్ రేటును తగ్గించడం, ఎందుకంటే 20 హెర్ట్జ్ మార్పులను గమనించడానికి సెకనుకు 44,100 శాంపిళ్లు ఎలాగూ అక్కర్లేదు. మడత పడకుండా ముందు ఒక మామూలు ఫిల్టర్ పెట్టి, ప్రతి 32 శాంపిళ్లలో ఒకటి మాత్రమే ఉంచుకుంటే రేటు 1,378 హెర్ట్జ్‌కు దిగుతుంది. అప్పుడు అదే బటర్‌వర్త్, అదే 20 హెర్ట్జ్, అదే బైలీనియర్ లెక్క, అదే 16 బిట్ల చిప్‌లో ఇన్‌పుట్ గుణకాలు 32, 64, 32గా, అవుట్‌పుట్‌వి 30,658, −14,402గా వస్తాయి. 16,384 నుంచి 30,658 తీసేసి 14,402 కలిపితే 128; ఇన్‌పుట్ గుణకాల మొత్తమూ 128. స్థిర వోల్టేజీకి ఈ ఫిల్టర్ ఇచ్చేది, గుండ్రం చేసిన తరువాత కూడా, సరిగ్గా 1.